సంఘం చేపని పులుసు పెట్టిన రోజు

సంఘం సొమ్ము తిన్నవాళ్ల గురించి మీరు చాలా విని ఉంటారు. సిమెంటు తిన్నవాళ్లున్నారు, దుప్పట్లు తిన్నవాళ్లున్నారు, ప్లాస్టిక్ కుర్చీలు తిని అరిగించుకున్న ఘనులు కూడా ఉన్నారు. కానీ ఏకంగా సంఘాన్నే తిన్నవాణ్ణి మీరు చూసి ఉండరు. చూడండి. నేనే. శుభ్రంగా తోమి, ముక్కలు కోసి, పులుసు పెట్టి, వేడన్నంలో కలుపుకుని తిన్నాను. తిన్నాక వేళ్లు కూడా నాకాను. ఆ తర్వాత సాయంత్రం దాకా నేను పడ్డ యాతన పగవాడికి కూడా వద్దు. నా పగవాళ్లలో కొంతమందికైతే పరవాలేదు.

నా పేరు సత్తిబాబు. మాది తాడేపల్లిగూడెం. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ అభిప్రాయభేదం వచ్చింది. ఆయన బడిలోనే ఉండిపోయారు, నేను బయటికి వచ్చేశాను. కొన్నాళ్లు ఉల్లిపాయల మూటలు మోశాను. తర్వాత ట్రక్ ఆటో తోలడం నేర్చుకుని, ఇరవై మూడేళ్ల వయసులో కైకలూరులో ఒక చేపల మేత కొట్టులో డ్రైవరుగా చేరాను. మేత బస్తాలు చెరువు గట్లకి చేరవేయడం నా పని. అంటే, లెక్కలేనన్ని చేపలకి నేను అన్నం పెట్టేవాణ్ణన్నమాట. అవి ఒక్కరోజైనా నాకు తిరిగి పెట్టాయా అంటే, లేదు. ఈ బాధ నా మనసులో ఉండిపోయింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా వైపు చేప అంటే ఐసు మీద పడుకుని కళ్లు తెరుచుకుని నిద్రపోయేది. కొల్లేటి కొర్రమేను అలా కాదట. నీళ్లలోంచి తీసినా గంటల తరబడి బతికే ఉంటుందట, తడిగోనె కప్పితే బస్సెక్కి ఏలూరు దాకా వెళ్లొస్తుందట. దాన్ని అప్పటికప్పుడు కోసి పులుసు పెడితే ఆ రుచే వేరట. చేరిన దగ్గర్నుంచి ఈ 'అట'లు విని విని నా నాలుక ఎండిపోయింది.

ఉద్యోగంలో చేరిన మూడో ఆదివారం. పొద్దున్న తొమ్మిదింటికి ఐసు ఫ్యాక్టరీ ముందు షామియానా వేసి ఉంది. జనం మూగారు. మధ్యలో స్టూలు మీద పెద్ద ఇత్తడి గంగాళం. తొంగి చూశాను. లోపల నా మోచేతి నుంచి వేళ్ల చివరిదాకా ఉండే నల్లటి కొర్రమేను. తోక దగ్గర ఎర్రదారం కట్టి ఉంది. పాస్టరుగారు ప్రార్థన చేశారు, శివాలయం పూజారిగారు గంగాళానికి బంతిపూల దండ వేశారు. ఆ తర్వాత ప్రకాశరావుగారు మైకు అందుకున్నారు. ఆయన రిటైరైన పోస్ట్‌మాన్, ఈ 'ఒక చేప సంఘం' సెక్రటరీ.

"అయ్యా, మొదటి పాట మొదలవుతోందండీ. పాడేవాళ్లు పాడండి!"

"పది మూటల బియ్యం!" అన్నారొకరు.

"ఇరవై ఐసు దిమ్మలు!" అన్నారు ఐసు ఫ్యాక్టరీ ఆయన.

నాకు భలే ఆశ్చర్యం వేసింది. ఇక్కడ వేలంలో డబ్బు అడగరు! వస్తువులు పాడుతున్నారు! ఒకాయన వల పాడాడు, ఒకావిడ రెండు పరుపులు పాడింది. నా దగ్గర ఏముంది? ఒక చాప, ఒక స్టవ్వు. అయినా నోరు ఊరుకోదు కదా. పక్కన టైర్లలో గాలి లేకుండా, ఒంటినిండా దుమ్ముతో సంఘం వ్యాను నిలబడి ఉంది. దాన్ని చూపించి, నలుగురూ నవ్వుతారని అరిచాను:

"రెండు ఆదివారాలు ఆ వ్యాను కడిగి పెడతానండీ!"

ఎవరూ నవ్వలేదు. పైగా అందరూ నావైపు తిరిగి ఎంతో మర్యాదగా చూశారు. ప్రకాశరావుగారు "ఒకటోసారి... రెండోసారి... మూడోసారి!" అని బల్ల గుద్దేశారు. "మొదటి పాట సత్తిబాబుగారిదండీ!"

ఇరవై ఐసు దిమ్మల మీద రెండు బకెట్ల నీళ్లు గెలిచాయి! ఈ ఊరివాళ్లు ఇంత అమాయకులేంటి అనుకున్నాను. జాలి కూడా పడ్డాను. ఒక్కసారి ఆలోచించండి, నేను వాళ్ల మీద జాలిపడ్డాను!

దండ తీసి నా మెడలో వేశారు. గంగాళం నా ట్రక్ ఆటోలోకి ఎక్కించారు. ఐసు ఫ్యాక్టరీ ఆయన స్వయంగా వచ్చి చేప మీద తడిగోనె సర్దారు. ప్రకాశరావుగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"పన్నెండింటికల్లా మండవల్లి వచ్చేయండి సత్తిబాబుగారూ. అక్కడందరూ ఎదురుచూస్తూ ఉంటారు."

"అక్కడ భోజనాలున్నాయాండీ?"

"పులిహోర ఉంటుందండీ."

అయితే ఈ చేప తినేసి వస్తాను అనుకున్నాను. గమనించండి, అనుకున్నాను. పైకి అనలేదు. అని ఉంటే అక్కడికక్కడ నాలుగు చీవాట్లు పెట్టి చేపని లాక్కునేవాళ్లు, కథ అయిపోయేది. పుట్టి బుద్ధెరిగాక నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే. ఆ ఒక్కసారీ కొంప ముంచింది.

కొట్టు వెనక నా గది. కొర్రమేను తేలిగ్గా లొంగలేదు. గంగాళంలోంచి ఎగిరి మేత బస్తాల సందులోకి దూరింది. నేనూ దూరాను. అది బయటికొచ్చింది. నేను ఇరుక్కుపోయాను. చివరికి బూడిద చల్లి పట్టుకున్నాను. అది నోరు తెరిచి మూసి, తెరిచి మూసి, నాకేదో చెప్పాలని చాలా ప్రయత్నం చేసింది పాపం. నేను వినిపించుకోలేదు. బడిలోనే వినలేదు, చేప మాట వింటానా?

పదకొండు అయ్యేసరికి కంచం ఖాళీ. తోక దారం కిటికీలో, ముళ్లు కంచం అంచున, నేను గోడకి ఆనుకుని స్వర్గం అంచున. అప్పుడు ఫోను మోగింది. ప్రకాశరావుగారు.

"సత్తిబాబుగారూ, చేప ఎలా ఉందండీ?"

"అద్భుతంగా ఉందండీ!"

"హుషారుగా ఉందా?"

"ఇందాకటిదాకా చాలా హుషారుగా ఉందండీ."

"ఇప్పుడో?"

"ఇప్పుడు... విశ్రాంతి తీసుకుంటోందండీ."

"మంచిది, మంచిది. గోనె తడుపుతూ ఉండండి. బయలుదేరేశారా?"

నా పొట్ట మీద చెయ్యి ఒక్కసారి ఆగిపోయింది. "ఏవండీ, ఊరికే అడుగుతున్నాను," అన్నాను నెమ్మదిగా. "ఈ చేపని పాడుకున్నవాళ్లు... ఇంటికి తీసుకెళ్లరాండీ?"

ఆయన నవ్వారు. "తీసుకెళ్లడమేంటండీ! మీకెవరూ చెప్పలేదా? అయ్యో, మీరు గూడెం వారు కదూ. మాకంటే పుట్టినప్పట్నుంచీ తెలుసు, చెప్పాలన్న ధ్యాసే రాలేదు." అని మొదలుపెట్టారు.

ఎప్పుడో వాళ్ల తాతల కాలంలో వరద వచ్చి కొల్లేటి ఒడ్డున ఒక ఊరు చుట్టూ నీళ్లు నిలిచిపోయాయట. పురిటి నొప్పులు పడుతున్న మనిషిని దాటించడానికి పడవ లేకపోయిందట. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు. నీళ్లు తీశాక ఆ మనిషి మావగారు ఏసుదాసు అనే ముసలాయన, ఒక్క కొర్రమేనుని పట్టుకుని కైకలూరు రోడ్డు మీదికొచ్చి కూర్చున్నాడట. "ఇది తప్ప నా దగ్గరేమీ లేదు. దీనికి బదులు ఒక పడవ కావాలి," అన్నాడట. ఎవరో నవ్వారు. ఒక కూలివాడు మాత్రం "నా దగ్గర ఒంటి కష్టం ఉంది, పది రోజులు పనిచేస్తాను," అని చేపని తీసుకున్నాడు. తీసుకుని, చేపని మళ్లీ ముసలాయన చేతిలోనే పెట్టి, "ఇంకొకరిని అడుగు తాతా," అన్నాడు. రెండో ఆయన చెక్క ఇచ్చి చేపని తిరిగిచ్చాడు. మూడో ఆయన మేకులు. నాలుగో ఆయన తారు. ఊరూరా తిరిగి వచ్చేసరికి ఒక్క చేపతో పడవ తయారైంది. ఆ చేపని తీసుకెళ్లి ముసలాయన కొల్లేట్లో వదిలేశాడు.

"అప్పట్నుంచీ ఇదే మా ఆచారమండీ. ఏటా ఆయన ఇంటివాళ్లే కొత్త చేపని పట్టి తోకకి దారం కడతారు. మొదటి పాట ఎప్పుడూ ఒంటి కష్టానిదే. పాడుకున్నవాడు చేపని తర్వాతి ఊరికి బతికుండగా తీసుకెళ్లి తిరిగిచ్చేయాలి. ఆ పడవ పోయి రిక్షా వచ్చింది, రిక్షా పోయి వ్యాను వచ్చింది. చేపని మాత్రం ఇంతవరకూ ఒక్కడూ తినలేదండీ."

"ఒక్కడూనా?"

"కరువులో కూడా తినలేదండీ."

కంచం వైపు చూశాను. చప్పరించి వదిలిన తల ఎముక నన్నే చూస్తోంది.

"ఈసారి గండం గట్టెక్కాలండీ," అన్నారాయన, గొంతు కాస్త తగ్గించి. "వ్యాను ఇంజను పోయింది. డ్రైవరు పెద్దాయన కూడా కళ్లు ఆనక మానేశాడు. ముందు ఇంజను రానిస్తే డ్రైవరు సంగతి తర్వాత. ఆకివీడులో నాలుగింటికి చివరి పాట. లారీల బుల్లిరాజుగారు ఇంజను పాడతానని మాటిచ్చారు. మెకానిక్ అక్కడే కాచుకుని ఉన్నాడు, తెల్లారేసరికి బిగించేస్తానన్నాడు. రేపు సోమవారం కదండీ, సుగుణమ్మ టీచరుగారికి ఏలూరులో డయాలసిస్. ఆవిడతో కలిపి నలుగురు. గురువారం అద్దె కారు దొరక్క టీచరుగారికి తప్పిపోయింది. రేపు కూడా తప్పితే..."

మిగతాది నాకు అక్కర్లేకపోయింది.

మీరైతే ఏం చేసేవారు? నిజం చెప్పేసేవారు. మంచివాళ్లు కాబట్టి. నేను అంత దూరం ఆలోచించలేదు. కిటికీలోంచి ఎర్రదారం తీసుకుని చేపల బజారుకి పరిగెత్తాను. పదకొండున్నర. మంగమ్మ అని, నాకు తెలిసిన ఒకే ఒక చేపలావిడ, అప్పటికే బుట్టలు కడుక్కుంటోంది.

"అక్కా, బతికున్న కొర్రమేను కావాలి. ఇంత!" అని మోచెయ్యి చూపించాను.

"ఇప్పుడా? పొద్దున్నే హోటళ్లవాళ్లు ఊడ్చుకుపోయారు. మట్టగిడస ఉంది, తీసుకో."

బకెట్లో చూశాను. అదీ నల్లగానే ఉంది, అదీ పాములాగే మెలికలు తిరుగుతోంది. కాకపోతే జానెడు.

"ఇది కొర్రమేను కాదా?"

"దాని తమ్ముడు."

"చూస్తే తెలిసిపోతుందా అక్కా?"

"ఎంత దూరం నుంచి?"

"కొంచెం దూరం నుంచి."

మంగమ్మ నన్ను పైనుంచి కిందకి చూసింది. "ఏలూరులో నిలబడి చూస్తే తెలీదు బాబూ," అంది.

నేను ఆ మాటలో ధైర్యం వెతుక్కున్నాను. మట్టగిడస తోకకి దారం కట్టాను. పెద్ద చేప తోకకి ఒక్క చుట్టు తిరిగిన దారం దీనికి ఐదు చుట్లు తిరిగి, నడుముకి పట్టీ వేసుకున్నట్టు తయారైంది. గంగాళంలో వేస్తే ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. పైన గోనె కప్పి, మెడలో దండ సర్దుకుని మండవల్లి దారి పట్టాను. దారిలో చెరువులన్నింట్లో చేపలు పైకి తేలి నన్నే చూస్తున్నట్టు అనిపించింది. మామూలుగా మేత బండి చూస్తే ఆశగా చూస్తాయి. ఆరోజు అనుమానంగా చూశాయి.

మండవల్లిలో బడి ఆవరణ నిండా జనం. నేను దిగగానే చప్పట్లు. ఇద్దరు గంగాళాన్ని దించారు. దించుతూనే ఒకాయన "తేలిగ్గా ఉందేంటి?" అన్నాడు. నేను గబుక్కున గోనె అంచు పట్టుకున్నాను.

"గోనె తీయకండి! ఎండ తగులుతుంది!" అన్నాను.

"చేపని చూడకుండా పాట ఎలా పాడతారండీ?" అని ప్రకాశరావుగారు గోనె తీశారు.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. పక్కనున్నాయన వంగి చూశాడు. ఆయన పక్కనున్నావిడ వంగి చూసింది. ఒకరి వెనక ఒకరు, పెళ్లిలో వధువుని చూసినట్టు వరుసగా వచ్చి చూసి వెళ్తున్నారు. వీళ్లు పాలకంటే ముందు చేపని చూసి పెరిగినవాళ్లు. చీకట్లో తోక తడిమి పేరు చెప్పగలరు. వీళ్ల ముందు నేను మట్టగిడసకి దారం కట్టుకొచ్చాను.

"పొద్దున్న ఫోనులో పంపిన ఫోటోలో మూరెడుంది కదండీ?" అన్నాడొకాయన.

"అవునండీ," అన్నాను.

"జానెడయిందేంటండీ?"

"ఎండకండీ..."

"ఎండకి వడియాలు కుంచించుకుపోతాయిగానీ, చేపలు కూడానా?"

"దిగులు పెట్టుకుందేమోనండీ. ఊరు మారింది కదా."

"దిగులుతో జాతి కూడా మారిపోయిందా?"

ఎవరూ నవ్వలేదు. నా జోకులకి జనం నవ్వకపోవడం ఆరోజు అది రెండోసారి. ప్రకాశరావుగారి ముఖం పాలిపోయింది. "ఏం జరిగిందండీ?" అన్నారు. "తప్పించుకుపోయిందా? కాలవలో పడిందా? చెప్పండి, వెతుకుదాం." ఆ 'వెతుకుదాం' వినగానే నాకు పులుసంతా గొంతులోకి వచ్చినట్టయింది. పదిమంది అప్పుడే చొక్కా చేతులు మడుస్తున్నారు.

అప్పుడు నీడలో కుర్చీలోంచి ఒకావిడ లేచారు. సన్నగా, తెల్ల చీరలో, ఎడం చేతికి మోచెయ్యి దగ్గర కట్టు. పాదాలు వాచి చెప్పుల్లోంచి పొంగి ఉన్నాయి. రెండడుగులు వేసి ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ రెండడుగులు వేసి నా ముందుకొచ్చారు. ఈవిడే సుగుణమ్మ టీచరుగారని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"అబ్బాయ్, చెయ్యి ఇటివ్వు."

బడి మానేసి పదేళ్లయినా చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. అరచేయి పైకి పెట్టి, బెత్తం కోసం చూశాను. ఆవిడ నా వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. ఎంతసేపు వాసన చూశారో! నాకైతే పరీక్ష పేపరు దిద్దుతున్నట్టనిపించింది.

"వెతక్కండి," అన్నారావిడ కళ్లు తెరిచి. "చేప క్షేమంగానే ఉంది. వీడి కడుపులో ఉంది."

తర్వాత నన్ను తిట్టిన తిట్లన్నీ ఇక్కడ రాయను. రాసినా మీకు తిట్లలా అనిపించవు. ఈ వైపు వాళ్ల సంగతి మీకు తెలుసు కదా, గొంతు పట్టుకుని పిసుకుతున్నా 'అండీ' మానరు. "మీకు బుద్ధుందాండీ?" "మీరు మనిషేనాండీ?" "ఆకలేస్తే మా ఇంటికొచ్చి అడగొచ్చు కదండీ, వెధవగారూ!" ఐసు ఫ్యాక్టరీ ఆయన మాత్రం "తలకాయ కూడా తిన్నారాండీ?" అని అడిగారు. తిన్నానన్నాను. ఆయన అటు తిరిగిపోయారు.

ప్రకాశరావుగారు మెట్టు మీద కూలబడి, "బుల్లిరాజుగారు చేప లేకపోతే పాడరు," అన్నారు. "ఆయన పట్టుదల మీకు తెలీదు."

"ఇంకో చేపకి దారం కడితే?" అన్నారెవరో.

"అబద్ధం చేప మీద సంఘం నడపమంటారా?" అన్నారు టీచరుగారు. "చేప ఎక్కడుంటే పాట అక్కడ. వీణ్ణి గంగాళంతో సహా ఆకివీడు తీసుకెళ్లండి."

మట్టగిడసని పక్కనున్న చెరువులోకి వదిలారు. అది వెనక్కి తిరిగి చూడలేదు. ఎర్రదారం నా చేతి మణికట్టుకి కట్టారు. నా ఆటోలో వెనక గంగాళం పక్కన నన్ను కూర్చోబెట్టారు. ముందు టీచరుగారు ఎక్కారు, తోలడం ఇంకొకరు తోలారు. తడిగోనె నా భుజాల మీద కప్పారు. అవసరం లేదన్నాను. "ఆచారం," అన్నారు. మళ్లీ కైకలూరు మీదుగా ఆకివీడు దాకా, రోడ్డు పక్కన చూసినవాళ్లకి ఏమని అర్థమైందో నాకు తెలీదు. ఒక ముసలావిడ మాత్రం దణ్ణం పెట్టింది.

ఆకివీడు రైల్వేగేటు అవతల లారీల షెడ్డు. నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది. ఒక మూల దుంగల మీద నల్లటి ఇంజను, దాని పక్కన రెంచీ పట్టుకుని మెకానిక్. కుర్చీలో తెల్ల చొక్కాలో బుల్లిరాజుగారు. పెద్ద మనిషి, పెద్ద మీసం, చిన్న మాట.

"చేప ఏదండీ?" అన్నారు.

ప్రకాశరావుగారు నన్ను చూపించారు. జరిగింది చెప్పారు. బుల్లిరాజుగారు వింటూ నా మణికట్టు దారం చూశారు, మెడలో దండ చూశారు, నా పొట్ట వైపు చాలాసేపు చూశారు. తర్వాత లేచారు.

"ఊరికే ఇస్తే అది దానం. దానధర్మాలు మా ఇంట్లో ఆవిడ చూసుకుంటారు. నేను చేప మీద పాడతానన్నాను. చేప లేని పాట నేను పాడను." కారు తాళం చేతిలోకి తీసుకున్నారు.

"రాజుగారూ!" అన్నారు ప్రకాశరావుగారు. మెకానిక్ రెంచీ కింద పెట్టాడు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. టీచరుగారు ఆటోలో ముందు సీట్లో తల వెనక్కి వాల్చి కూర్చున్నారు. ఆవిడ పాదాలు మధ్యాహ్నం కంటే ఇంకా వాచినట్టు కనిపించాయి. ఆయాసం నాకు వినబడుతోంది.

నేను ఏం చేశానంటే, గంగాళంలోకి దిగి నిలబడ్డాను. నీళ్లు చీలమండల దాకా వచ్చాయి.

"రాజుగారూ, చేపని తిన్నది నేనండీ. తినకూడదని తెలీక తిన్నాను. తెలిశాక చెప్పకుండా మట్టగిడసని తెచ్చాను, అది తెలిసే చేశాను. నన్ను పాడండి. కొర్రమేను నీళ్లు లేకుండా గంటలే బతుకుతుంది, నేను టీ నీళ్లతో ఎన్నాళ్లయినా బతుకుతాను. పైగా దానికి రానిది నాకొకటి వచ్చు."

"ఏంటది?"

"బండి తోలడం. మీరు ఇంజను ఇచ్చినా తోలేవాడు లేడండీ. సోమవారం, గురువారం నేను తోలతాను. మా ఓనరుగారి కాళ్లు పట్టుకుని ఆ రెండు పూటలు సెలవు అడుగుతాను. మొదటి పాట ఒంటి కష్టానిది అన్నారు కదండీ. రెండు ఆదివారాలు కడుగుతానన్నది నవ్వులాటకి అన్నాను. ఇది మాత్రం నవ్వులాట కాదు."

బుల్లిరాజుగారు ఆగారు. వెనక్కి వచ్చారు. గంగాళం చుట్టూ ఒకసారి తిరిగారు. చేపని బేరం చేసేవాళ్లు చూసినట్టే, నా చెంప పక్కకి తిప్పి చూశారు. ఆయన నా దవడ ఎత్తి చూస్తారేమోనని నేనే నోరు తెరిచాను.

"బతికే ఉంది," అన్నారాయన చివరికి. "ప్రకాశరావుగారూ, పాట పెట్టండి. ఇంజను పాడుతున్నాను."

"ఒకటోసారి!" ప్రకాశరావుగారు గంగాళం అంచు మీద గుద్దారు. "రెండోసారి!" మెకానిక్ రెంచీ తీసుకున్నాడు. "మూడోసారి!" అనేసరికి షెడ్డు పైకప్పు రేకులు ఎగిరిపోయేలా కేకలు. నేను గంగాళంలోనే చేతులెత్తి ఎగిరాను, నీళ్లు రాజుగారి తెల్లచొక్కా మీద పడ్డాయి. ఆయన పట్టించుకోకుండా చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టారు.

"పాడుకున్నదాన్ని ఇంటికి తీసుకెళ్లకూడదు. వీణ్ణి సంఘానికే తిరిగిచ్చేస్తున్నాను," అన్నారు. నేను దండం పెట్టాను. ఆయన మీసం కింద ఏదో కదిలింది. "సెక్రటరీగారూ, చివరి పాట అయ్యాక చేపని ఏం చేయాలండీ?"

"కొల్లేట్లో వదిలేయాలండీ," అన్నారు ప్రకాశరావుగారు అలవాటుగా.

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ ఒకేసారి నావైపు తిరిగారు.

నాకు ఈత రాదని అరిచాను. చేపకి ఎవరు నేర్పారన్నారు. గట్టు దాకా ఊరేగింపుగా మోసుకెళ్లి, పూజారిగారు మంత్రం చదువుతుండగా, పాస్టరుగారు ఆమెన్ అనగానే, నలుగురూ నాలుగు వైపులా పట్టుకుని విసిరారు. అక్కడ లోతు మోకాళ్ల దాకానే. బురద మాత్రం నడుము దాకా. గుర్రపుడెక్క నెత్తిన వేసుకుని నేను లేచి నిలబడితే, మొట్టమొదటిసారి ఆరోజు అందరూ నవ్వారు. ఐసు ఫ్యాక్టరీ ఆయన కూడా.

మెకానిక్ రాత్రే ఇంజనుతో కైకలూరు వచ్చి బిగించి, టైర్లకి గాలి కూడా కొట్టాడు. సోమవారం పొద్దున్న వ్యాను మొదటి తాళానికే అందుకుంది. నలుగురినీ ఎక్కించుకున్నాను. టీచరుగారు ముందు సీట్లో కూర్చున్నారు. ఏలూరు రోడ్డు ఎక్కాక, కొల్లేటి మీద నుంచి గాలి వస్తుంటే, ఆవిడ కొంగు సర్దుకుని నావైపు తిరిగారు. ఇప్పుడు అడుగుతారు, ఎందుకలా చేశావని. ఏం చెప్పాలో మనసులో వల్లె వేసుకుంటున్నాను.

"అబ్బాయ్," అన్నారు. "మామిడికాయ వేశావా?"

"వేశానండీ."

"మెంతులు?"

"మర్చిపోయానండీ."

ఆవిడ కిటికీ వైపు తిరిగారు. "నిన్న వాసన చూసినప్పుడే అనుకున్నాను. నాకు ఉప్పు కూడదు, పులుసు కూడదు, వాసనైనా పూర్తిగా ఉంటే బావుండు అనుకున్నాను. ఇన్ని తరాల్లో ఆ చేపని వండే భాగ్యం ఒక్కడికే దక్కితే, ఆ వెధవ మెంతులు మర్చిపోయాడు."

ఇది జరిగి కొన్నేళ్లయింది. సోమవారం, గురువారం వ్యాను నేనే తోలుతున్నాను. టీచరుగారు ముందు సీట్లోనే ఉంటారు, రోడ్డు మీద ప్రతి గుంటకీ నాకు మార్కులు తగ్గిస్తారు. ఏటా వేలం రోజున నన్ను చేతులు వెనక్కి కట్టుకుని గంగాళానికి పదడుగుల దూరంలో నిలబడమంటారు. సంఘం నియమాల బోర్డు మీద చిట్టచివర పెయింటుతో ఒక కొత్త నియమం కూడా రాయించారు: 'మొదటి పాట పాడువారు భోజనము చేసి రావలెను.' సంఘం చరిత్రలో నా పేరు లేదుగానీ, నా ఆకలి ఉంది.

కాబట్టి కొల్లేటి సాక్షిగా, నా చెవుల్లోంచి ఇంకా పూర్తిగా పోని బురద సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. దండ వేసి నా చేతికిచ్చిన ఏ ప్రాణినీ, దాని పుట్టుపూర్వోత్తరాలు నలుగురిని అడిగి తెలుసుకోకుండా, ఈ జన్మలో పొయ్యి ఎక్కించను. ఎక్కించనంటే ఎక్కించను. టీచరుగారికి కూడా ఇదే మాటిచ్చాను. ఆవిడ నమ్మలేదు. వ్యాను అరలో ఒక మెంతుల పొట్లం పెట్టారు.